నూకాలమ్మ చింతగింజలు

అనగనగా అంటే మరీ అంత వెనక్కి కాదు. మీ అమ్మమ్మలు రెండు జడలు వేసుకుని కాలేజీకి వెళ్ళిన రోజులు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఆడపిల్లల కాలేజీ, కాలేజీకి ఒక హాస్టలు, హాస్టలుకి ఒక గేటు, ఆ గేటు దగ్గర నూకాలమ్మ అనే ఆయా ఉండేది.

నూకాలమ్మకి అక్షరం ముక్క రాదు. అంకెలూ రావు. అయినా ఆవిడ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఎలాగంటారా? ఆవిడ దగ్గర రెండు మట్టి మూకుళ్ళు ఉండేవి. పిల్లకొక చింతగింజ. పిల్ల బయటికి వెళితే గింజ ఎడమ మూకుట్లోకి, తిరిగొస్తే కుడి మూకుట్లోకి. ఎడమ మూకుడు ఖాళీ అయితేనే గేటుకి తాళం.

"ఎల్లి రండమ్మా. మీరు రాకుండా నాను తాళమెయ్యను," అనేది ప్రతి పిల్లతోనూ.

ఆ పిల్లల్లో హైమవతి ఒకతె. తెలివైంది, కాస్త పొగరుబోతు కూడా. ఒక్క ఫిర్యాదు వచ్చినా చదువు మానిపించేస్తానని చెప్పి మరీ చేర్పించాడు వాళ్ళ నాన్న.

ఒక శనివారం పిల్లలంతా బజారుకి బయల్దేరారు. ఆరింటికల్లా రావాలి. హైమకేమో మ్యాట్నీ సినిమా చూడాలని మనసు. నూకాలమ్మతో కబుర్లాడుతూనే తన గింజని కుడి మూకుట్లోకి జారవిడిచింది. ఇక తనకోసం ఎవరూ చూడరు, వంటింటి వైపు కంచె సందులోంచి దూరిపోవచ్చని ఆ పిల్ల ఎత్తు.

సినిమా వదిలేసరికి ఆరు దాటింది. గేటుకి తాళం పడింది. కంచె దాకా వెళ్ళకముందే వార్డెనమ్మ ఎదురుపడింది.

"ఇంతసేపు ఎక్కడున్నావు?"

హైమకి నాన్న మొహం గుర్తొచ్చింది. "ఆరింటికే వచ్చానండీ. నూకాలమ్మే చూసుకోకుండా తాళం వేసేసింది."

వార్డెనమ్మ ఆయాని పిలిచి నిజమేనా అని మూడుసార్లు అడిగింది. మొదటిసారి నూకాలమ్మ ఎడమ మూకుడు చూసింది. రెండోసారి కుడి మూకుడు చూసింది. మూడోసారి హైమని చూసింది. హైమ తల దించుకుంది.

"నా నెక్కే తప్పుంటాదమ్మా," అంది నూకాలమ్మ.

మర్నాడు ఆవిడకి పని పోయింది. మూకుళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

నన్ను కాపాడడానికే అలా అంది అనుకుంది హైమ. ఆ ఊహే ఆ పిల్లకి హాయిగా ఉంది. పరీక్షలయ్యాక నిజం చెబుదామనుకుంది. చెప్పలేదు. పాసయ్యాక చెబుదామనుకుంది. చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక చెబుదామనుకుంది. అప్పుడూ చెప్పలేదు. ఏళ్ళు గడిచి అదే కాలేజీకి లెక్చరర్‌గా వచ్చాక, చీర కొనుక్కుని నూకాలమ్మ ఊరు వెతుక్కుంటూ వెళ్ళింది.

కోడలు గుమ్మంలో చేపలు ఆరబెడుతోంది. "మా అత్త పోయి రెండేళ్ళయిందమ్మా. ఆకరి దాకా చింతగింజలు ముందేసుకుని కూకునేది. 'సదువుకున్న పిల్ల అబద్ధమాడదు గదే, మరి నానెక్కడ తప్పానో' అనీది."

హైమకి అప్పుడర్థమైంది. నూకాలమ్మ తనని కాపాడలేదు. తన మాట నమ్మింది.

"ఆవిడ తప్పలేదమ్మా. నేనే గింజ మార్చాను," అంది ఏడుస్తూ.

కోడలు చేతిలోని చేప కింద పెట్టింది. "ఆ మాట ఆయమ్మకి సెప్పుంటే బాగుండును," అంది.

హైమవతి చీర అక్కడ పెట్టి వచ్చేసింది. మర్నాడు కాలేజీ అంతా కూర్చున్న చోట లేచి నిలబడి, చేసిందంతా చెప్పింది. అప్పటికి అది వినవలసిన మనిషి ఒక్కతే లేదు.

ఇప్పుడు హైమవతీ లేదు. ఆ గేటు దగ్గర పెద్ద రిజిస్టరు ఉంది, అందులో సంతకాలూ ఉన్నాయి. దాని పక్కనే ఆ రెండు మూకుళ్ళు కూడా ఉన్నాయి. ఈనాటికీ బయటికెళ్ళిన ప్రతి పిల్లా తిరిగొచ్చి, తన గింజ తనే కుడి మూకుట్లో వేస్తుంది. వేసి, ఎవరూ అడక్కుండానే ఒక మాట అంటుంది:

"నూకాలమ్మా, నీ లెక్క తప్పలేదు."