రూతమ్మ ప్రార్థనకు వచ్చిన జవాబు

అనగనగా అంటే ఎన్నేళ్ల కిందటో నాకూ తెలియదు పిల్లలూ. ఎర్రకొండల నడుమ ఒక అడవి ఉండేది. ఆ అడవిలో బర్నబా అనే అలుగు ఉండేవాడు. అలుగును ఎప్పుడైనా చూశారా? పొడుగు మూతి, పొడుగు తోక, ఒంటి నిండా గట్టి పొలుసులు. చీమల్నీ చెదల్నీ తిని బతుకుతుంది. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోతుంది.

బర్నబాకు ఆ అడవిలో మంచి పేరు లేదు. కిందటి ఏడాది జింకలు వాగులో నీళ్లు తాగేటప్పుడు కాపలా కాస్తానని తనే ఒప్పుకున్నాడు. రేచుకుక్కల గుంపు రావడం అందరికంటే ముందు చూసిందీ అతనే. కానీ నోరు పెగల్లేదు. ఒక్క కేక కూడా వేయకుండా బంతిలా చుట్టుకుని పొదలోకి దొర్లిపోయాడు. ఆ రోజు రూతమ్మ అనే జింక తన మొదటి బిడ్డను పోగొట్టుకుంది.

అప్పటినుంచి అతనితో ఎవరూ మాట్లాడలేదు. ఆదివారం జంతువులన్నీ ప్రార్థనకు కూడితే, బర్నబా దూరంగా ఒక బండ వెనక కూర్చుని వినేవాడు. తనను క్షమించమని దేవుణ్ణి ప్రతివారం అడిగేవాడు. రూతమ్మను మాత్రం అడగలేకపోయాడు.

ఆ వానాకాలం ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున కొండచరియ విరిగిపడింది. రూతమ్మకు అప్పటికి ఇంకో బిడ్డ పుట్టి పది రోజులు. దాని పేరు మణి. వానకు తడవకూడదని తల్లి దాన్ని కొండకింద ఒక గుహలో పడుకోబెట్టి మేతకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి గుహ నోరు రాళ్లతో, బురదతో మూసుకుపోయి ఉంది. లోపలినుంచి సన్నగా మణి ఏడుపు వినిపిస్తోంది.

రూతమ్మ ఆ బురదలోనే మోకరించింది.

"యేసయ్యా, నా బిడ్డను బయటికి తేగలిగినవాణ్ణి పంపు" అని ప్రార్థించింది.

జంతువులన్నీ చుట్టూ చేరాయి. దేవుడు ఎవర్ని పంపుతాడా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా ఏనుగు వచ్చాడు. అడవిలో అంత బలం ఇంకెవరికీ లేదు. అతను తొండంతో ఒక బండను లాగాడు. పైనుంచి మరో నాలుగు బండలు జారాయి. లోపలి ఏడుపు ఇంకా సన్నబడింది. తర్వాత ఎలుగుబంటి గోళ్లతో తవ్వాడు. తవ్విందంతా మళ్లీ బురదతో నిండిపోయింది. చివరికి సన్నగా ఉండే కోతి ఒక సందులో దూరాడు. రాయి దొర్లి తలమీద పడేసరికి రక్తం కారుతూ బయటికి వచ్చేశాడు.

అప్పుడు దూరంగా ఒక బండ వెనకనుంచి బర్నబా లేచి వచ్చాడు. ఆ సందులో తను దూరగలనని, రాళ్లు పడినా పొలుసులు కాస్తాయని మెల్లగా చెప్పాడు. అందరూ రూతమ్మ వైపు చూశారు.

"నా మొదటి బిడ్డను వదిలేసి పోయావు. దీన్ని వదిలేయవని నమ్మకమేంటి?" అంది రూతమ్మ.

"నమ్మకం నాకూ లేదమ్మా. ఇప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాను. కానీ నువ్వు సరే అంటే వెళ్తాను."

రూతమ్మ సందుకు అడ్డంగానే నిలబడింది. శాంతమ్మ అనే ముసలి తాబేలు ఆమె పక్కకు వచ్చింది.

"తల్లీ, నువ్వు ప్రార్థనలో ఏమడిగావు? మంచి పేరున్నవాణ్ణి పంపమన్నావా, బిడ్డను తేగలిగినవాణ్ణి పంపమన్నావా?"

రూతమ్మ ఏడుపు వినిపిస్తున్న సందు వైపు చూసింది. తర్వాత దారి వదిలి పక్కకు జరిగింది.

బర్నబా లోపలికి దూరాడు. మట్టిని గోళ్లతో పక్కలకు నొక్కుకుంటూ, సందు వెడల్పు చేసుకుంటూ పోయాడు. మణి ఒక మూల ముడుచుకుని ఉంది. తన తోక నోట కరుచుకుని వెంట రమ్మని చెప్పి అతను వెనక్కి తిరిగాడు. సగం దూరం వచ్చారో లేదో, కొండ మళ్లీ కదిలింది.

బర్నబా ఒళ్లు ఎప్పటిలాగే చుట్టుకుపోబోయింది. అతను మణిని పొట్ట కిందికి లాక్కుని, దాని చుట్టూ చుట్టుకున్నాడు. రాళ్లు ఒకదాని మీద ఒకటి అతని వీపు మీద పడ్డాయి. పొలుసులు విరిగాయి. అతను కళ్లు మూసుకుని, "ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే పట్టుకో" అంటూ ఉండిపోయాడు.

అంతా సద్దుమణిగాక బయట ఉన్నవాళ్లకు ముందు మణి చెవులు కనిపించాయి. దాని వెనక, దాన్ని ముందుకు నెట్టుకుంటూ పాకి వస్తున్న, బురదలో మునిగిన బర్నబా.

తల్లీబిడ్డలు ఒకటయ్యాక, ఒక చిన్న చిలుక తాబేలును అడిగింది. ఇంత బలవంతులూ ఇంత మంచివాళ్లూ ఉండగా దేవుడు ఈయన్నే ఎందుకు పంపాడు అని.

"నేనూ చిన్నప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను" అంది శాంతమ్మ. "వెనకటికి తన ప్రజల్ని నడిపించడానికి మాట తడబడేవాణ్ణి పిలిచాడు. తన్ను ఎరుగనని మూడుసార్లు బొంకిన శిష్యుణ్ణీ మళ్లీ పిలిచాడు. మనల్ని శుభ్రంగా కడిగాకే పనిలో పెడతాడనుకుంటాం. ఆయన పని చేయిస్తూనే కడుగుతాడు."

బర్నబా కుంటుతూ రూతమ్మ దగ్గరికి వెళ్లాడు. ఏడాదిగా గొంతులో ఆగిపోయిన మాట ఇప్పుడు అన్నాడు.

"నన్ను క్షమించమ్మా."

రూతమ్మ అతని విరిగిన పొలుసుల వైపు చూసింది.

"నా మొదటి బిడ్డ పేరు తెలుసా నీకు?"

"తెలియదమ్మా."

"దీన. కూర్చో, దాని గురించి చెబుతాను."

అతను కూర్చున్నాడు. దీన మొదటిసారి ఎలా గెంతిందో, ఏ గడ్డి ఇష్టంగా తినేదో రూతమ్మ చెబుతూ పోయింది. బర్నబా ఒక్కమాట కూడా వదలకుండా విన్నాడు.

నీతి: దేవుడు లోపం లేనివాళ్ల కోసం ఎదురుచూడడు, తప్పు చేసినవాడు వణుకుతూనే "నేను వెళ్తాను" అన్నా, అతని చేత తన పని చేయిస్తాడు.