నాపరాయికి పొరలు ఎందుకు

ఒకప్పుడు నేల మీద రాయి అంటే ఒక్కటే జాతి. నిప్పులోంచి పుట్టిన కొండరాయి. దానికి పొర లేదు, గీత లేదు. ఎటు నుంచి కొట్టినా ఒకేలా మోగేది. అందుకు దానికి చాలా గర్వం.

పగలు ఎండ కొండను కాల్చేది. సాయంత్రం వాన వచ్చి చప్పున చల్లార్చేది. కాగీ చల్లారీ కొండ ఒళ్ళు పగిలి, రాతి పలుకులు రాలిపోయేవి. రాలిన వాటిని కొండ తిరిగి చూసేది కాదు.

"రాలినవాళ్ళు నా వాళ్ళు కారు" అనేది.

దిక్కులేని ఆ పలుకులను ఏరు ఎత్తుకునేది. ఏటికి ఒక పద్ధతి ఉంది. బరువైనవాళ్ళను ముందు దింపేస్తుంది, తేలికైనవాళ్ళను చివరిదాకా మోస్తుంది. వరద చిన్నదైతే మెత్తని ఒండ్రుమట్టి ఒక్కటే సముద్రం చేరేది. పెద్దదైతే ఇసుక కూడా చేరేది.

అలాంటి ఒక పెద్ద వరదలో తళుకు అనే ఇసుక రేణువు సముద్రం అడుగుకు చేరింది. ఆమెతోపాటు లక్షల ఇసుక రేణువులు వచ్చాయి. వాళ్ళ మధ్య గుండు అనే గులకరాయి ఒకడు ఇరుక్కుని వచ్చాడు.

"కొండ దిగినప్పుడు నాకు ఎనిమిది మూలలుండేవి పాపా" అన్నాడు గుండు. "ఏరు పొర్లించి పొర్లించి అన్నీ అరగదీసింది. ఇప్పుడు ఎటు పడుకున్నా నాకు ఒకటే."

పడుకునే వీలు మాత్రం అక్కడ లేదు. ఆ అడుగు ఏటవాలుగా ఉండేది. దాని అంచు దాటితే చీకటి లోయ. ఏటా చలికాలం రాగానే చన్నీటి పోటు ఒకటి అడుగంతా ఊడ్చి, దొరికినవాళ్ళను ఆ లోయలోకి తోసేది. అందులో పడినవాళ్ళు మళ్ళీ కనిపించింది లేదు.

తళుకు అందరినీ పోగు చేసింది. "కొండ మనల్ని వదిలేసింది. ఏరు దింపేసింది. ఇక ఎవరి దయా మనకు వద్దు. మనమంతా ఒక్కటే. చిన్నవాళ్ళం కలిస్తే కొండ కంటే పెద్దవాళ్ళం" అంది.

"మనమంతా ఒక్కటే" అని లక్షల గొంతులు పలికాయి. సముద్రం మారుమోగింది. అదే ఊపులో పోటు వచ్చి సగం మందిని ఊడ్చుకుపోయింది.

మిగిలినవాళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నారు. పక్కనే ఒక ముసలి నత్త మెల్లగా పాకుతోంది. అందరూ ఆమెను నత్తవ్వ అనేవాళ్ళు.

"అరవడం బాగానే ఉంది తల్లీ" అంది నత్తవ్వ. "కానీ మీ మధ్య అన్నీ సందులే. ఆ సందుల్లో అన్నీ నీళ్ళే. ఒకరి చెయ్యి ఒకరికి అందితే కదా, ఒక్కటయ్యేది."

"మరి ఏం చెయ్యాలి అవ్వా?"

"రెండు కావాలి. ఒకటి బరువు. మీ మీద ఎవరైనా కూర్చుంటే నీళ్ళు బయటికి పోయి మీరు దగ్గరవుతారు. రెండోది అతుకు. అది నా దగ్గరుంది. నా గుల్లంతా సున్నమే. నేను ఎలాగూ పోయేదాన్ని. పోయాక గుల్ల కరిగి మీ సందుల్లోకి దిగుతుంది."



మరుసటి ఏడు చిన్న వరద వచ్చింది. ఒండ్రుమట్టి మేఘంలా దిగింది. అందులో మెత్తన అనే పిల్ల తళుకు మీదే వాలబోయింది. ఇసుకంతా ఒక్కసారిగా గొణిగింది.

"ఎవరే మీరు? ముందొచ్చినవాళ్ళం మేం."

"బురద పిల్లలు వచ్చి మా నెత్తిన కూర్చుంటారట."

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే."

ఇసుక రేణువులన్నీ వీపులు పైకి పెట్టి వరసలు వరసలుగా ముడుచుకున్నాయి. తళుకూ ముడుచుకుంది. ఆ వీపుల మీద చిన్న చిన్న అలల్లాంటి ముడతలు తేలాయి.

మెత్తన నీళ్ళలో తేలుతూనే ఉంది. "అక్కా, చలికాలం వస్తోంది. ఈ ఒక్క కాలం ఉండనివ్వు."

"మీరు మా వాళ్ళు కారు" అంది తళుకు.

అన్నాక ఆ మాట ఆమెకే చేదుగా తగిలింది. అది కొండ మాట. అర్థంలో తేడా లేదు. ఇంతమందిని పోగేసి తను పలికించిన మాట ఒకటి, ఇప్పుడు పలికిన మాట ఇంకొకటి.

అప్పటికే చన్నీళ్ళు కదులుతున్నాయి. ఒండ్రుమట్టి లోయ వైపు జారుతోంది.

"మెత్తనా, దిగు" అంది తళుకు. "నా మీద కూర్చో. నీ వాళ్ళందరినీ పిలువు."

"వీపు తిప్పి కూర్చున్నావు కదక్కా."

"ఇప్పుడు తిరిగే చోటు లేదు. అయినా కూర్చో."

మిగిలినవాళ్ళు సణిగారు. గుండు నవ్వాడు. "కానివ్వండయ్యా, నేను మీ అందరి మీదా పడుకోలేదా? చచ్చారా?" దాంతో సణుగుడు ఆగింది. ఒండ్రు దిగింది. పోటు పై పైన కొంత గీకి పోయింది కానీ, కింద ఉన్నవాళ్ళు కదల్లేదు.

ఆ చలికాలంలోనే నత్తవ్వ పోయింది. ఆమె వెనక ఆమె చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు ఏటా వచ్చి అక్కడే తనువు చాలించేవారు. వాళ్ళ గుల్లల సున్నం చుక్క చుక్కగా కరిగి, రేణువుకూ రేణువుకూ మధ్య గడ్డకట్టింది. బిగువు నొప్పిగానే ఉండేది. ఒకరి మోచెయ్యి ఒకరికి గుచ్చుకునేది. గుండు మాత్రం గుండుగానే ఉన్నాడు, తళుకు తళుకుగానే ఉంది. కలవడమంటే కరిగి మాయమవడం కాదని వాళ్ళకు అప్పుడు తెలిసింది. కరిగింది నత్తలే.

మూడో ఏడు మళ్ళీ పెద్ద వరద. కొత్త ఇసుక దిగింది.

"ఎవరే మీరు? ముందొచ్చినవాళ్ళం మేం." ఈసారి ఆ గొంతు మెత్తనది.

కింద నుంచి తళుకు పిలిచింది. "మెత్తనా, నువ్వా ఈ మాట అంటున్నది?"

మెత్తన సిగ్గుపడింది. కాసేపటికి చోటిచ్చింది. కానీ ఆ కాసేపు వీపు తిప్పే ఉంది.

అలా ఎన్ని వేల ఏళ్ళో. ప్రతి వరదకూ కొత్తవాళ్ళు వచ్చారు. ప్రతిసారీ పాతవాళ్ళు ముందు మొహం తిప్పుకుని, తర్వాత సిగ్గుపడి చోటిచ్చారు. ఒక వరదలో వచ్చినవాళ్ళు ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. రెండు వరదల మధ్య పట్టు మాత్రం అంతంతే.

"ఇక్కడ కూడా బాగా అతుకు" అని తళుకు కరుగుతున్న సున్నాన్ని బతిమాలింది.

"సందు నింపగలను పాపా" అంది సున్నం. "తిప్పుకున్న మొహాన్ని ఇటు తిప్పలేను."

ఒక చలికాలం పోటు ఎప్పటిలాగే వచ్చి ఢీకొంది. ఎవరూ కదల్లేదు. అక్కడ ఇసుక లేదు, ఒండ్రు లేదు. పొడవాటి రాయి పడుకుని ఉంది. పోటు చుట్టూ తిరిగి, దారి మార్చుకుని పోయింది. లోయలోకి ఆ తర్వాత ఎవరూ పడలేదు.

కొన్ని యుగాలకు సముద్రం వెనక్కి తగ్గింది. రాయి ఎండలోకి వచ్చింది. దూరం నుంచి కొండ చూసి, "మీరంతా నా ఒంటి పలుకులే కదా" అంది ముద్దుగా.

"రాలినప్పుడు చెప్పాల్సింది" అన్నాడు గుండు.

అప్పటినుంచే కొండరాయి తప్ప మరొకటి లేని నేల మీద ఇసుకరాయి, నాపరాయి లాంటి పొరల రాళ్ళు పుట్టాయి. ఇసుకరాతిని వేలితో రాస్తే రేణువు రేణువుగా తగులుతుంది, మధ్యలో నున్నని గులకరాయి పొదిగి ఉంటుంది. కొన్ని పలకల మీద నీటి అలల ముడతలుంటాయి, కొన్నిటిలో నత్త గుల్ల అచ్చు ఉంటుంది. అప్పటినుంచే నాపరాయి తీసేవాళ్ళు పలక మధ్యలో ఉలి పెట్టరు. పొరకూ పొరకూ మధ్య సన్నని గీత వెతుకుతారు. అక్కడ చిన్న దెబ్బ చాలు.