పెరుగన్నం గరిటె

ఇది అబద్ధమనే మొనగాడెవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. మొదలయ్యాక లేవడం ఎవరి తరమూ కాదు. కృష్ణ ఒడ్డున పెద్దస్వామి ఆశ్రమంలో ఒక్కో బంతికి వెయ్యిమంది కూర్చునేవారు. పులిహోరకు పోపు వేస్తే అవతలి ఒడ్డున పడవవాళ్లు తుమ్మేవారు. ఆ బంతుల మీద అజమాయిషీ పెద్ద శిష్యుడు పురుషోత్తానిది. అతని కళ్లముందు విస్తరి వదిలి మధ్యలో లేచిన మనిషి పుట్టలేదు.

పుట్టింది, ఒక్కతె. పేరు హైమవతి. ఆవిడ కూతురు జాబిలికి వేరుశనగ పడదు. పలుకు తగిలినా గొంతు వాచి ఊపిరాడదు. ఓ రోజు ఆవిడ పిల్లను చంకనేసుకుని బంతి మధ్యలోంచి లేచిపోయింది.

"ప్రసాదాన్ని వాసన చూస్తుంది స్వామీ, గరిటెలు తిప్పి చూస్తుంది. ఇంత భయం ఉన్నచోట భక్తి ఎలా నిలుస్తుంది?" అని మర్నాడు పెద్దస్వామిని అడిగాడు పురుషోత్తం.

పెద్దస్వామి ఎన్నడూ వాదించరు. "ఇవాళ ఆ పాప పక్కన నువ్వు కూర్చో నాయనా," అన్నారు.

పిల్లతో అక్కడే నిలబడ్డ హైమవతి స్వామి ముఖం చూసింది. తర్వాత సంచిలోంచి ఇంజెక్షన్ తీసి పురుషోత్తం చేతిలో పెట్టింది. "పెరుగన్నం ఒక్కటే పెట్టండి. అందులో పల్లీ లేదు, వంటశాలలో చూసొచ్చాను. గొంతు పట్టేసిందంటే తొడలో పొడవండి. నన్ను పిలుద్దామని ఆగకండి బాబూ."

పురుషోత్తమంటే శ్రావణ వరదలో కృష్ణను ఈదినవాడు, తాచును చేత్తో పట్టి పొలం దాటించినవాడు. ఆ సూది పట్టుకోగానే అతని అరచేయి చెమర్చింది. పాప దగ్గింది. అతను సూది ఎత్తాడు.

"పొలమారింది మామయ్యా," అంది పాప.

పక్కాయన నవ్వితే నోట్లోంచి ఏం ఎగురుతుందో! ఈ గ్లాసుతో ఇంతకుముందు ఎవరు తాగారో! ఇటుపక్క ముసలావిడ ముచ్చటపడి పాప బుగ్గ పుణకబోయింది. ఆవిడ వేళ్లనిండా పులిహోర. "చెయ్యి తియ్యమ్మా!" అని అరిచాడు. బంతంతా తిరిగి చూసింది.

వడ్డించే ఓబులేశు వచ్చాడు. పులిహోర బకెట్లోని గరిటెనే అలవాటుగా పెరుగన్నంలో ముంచి పాప విస్తట్లో వడ్డించాడు. తెల్లటి మెతుకుల మధ్య ఎర్రగా ఒక పలుకు. పాప ముద్ద ఎత్తింది.

పురుషోత్తం వేసిన కేకకు ఆశ్రమం పెంకులు అదిరాయి. ముద్ద తోసేసి, విస్తరి విసిరేసి, పిల్లనెత్తుకుని, నలుగురి అన్నం తొక్కుకుంటూ బంతి మధ్యలోంచి లేచాడు. వెనక్కి తిరిగితే హైమవతి అప్పటికే అక్కడుంది, చేతిలో ఇంకో ఇంజెక్షన్‌తో. పాప నోరు తెరిపించి చూసింది, వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది, పెదవులకేసి చాలాసేపు చూస్తూ కూర్చుంది.

"నోట్లోకి పోలేదు," అంది చివరికి. రోజూ అనే మాటలాగే అంది.

సాయంత్రం పెద్దస్వామి అడిగారు: "పులిహోర ఎలా కుదిరింది నాయనా?"

"ఎరగను స్వామీ. ముట్టలేదు."

"ఆవిడా ఎరగదు. రాత్రికి మళ్లీ భోజనం ఉంది."

నమ్మనివాళ్లు వెళ్లి ఓబులేశునే అడగండి. ఇవాళ్టికీ పెరుగన్నం గరిటెను వేరే మేకుకు తగిలిస్తాడు.