పదివేల ఏడు అరిసెలు

రాజుగారి కూతురి పెళ్లికి అరిసెలు వండే పని ఎల్లమంద మీద పడింది. పని కష్టం కాదు, కష్టమంతా ఆస్థాన గణిత పండితుడు సోమయాజులుగారితోనే. ఏ పెళ్లి జరిగినా పిండివంటల్లో మూడోవంతు ఆయన బండికెక్కాల్సిందే. అతిథులకు చాలకపోతే తిట్లు మాత్రం వంటవాడికి.

ఈసారి ఎల్లమంద నిండుసభలోనే చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, దంపతులు విడిపోకుండా ఉండాలంటే ఎన్ని వండమంటారు?"

పండితుడు ఉబ్బిపోయారు. "పదివేల ఏడు! ఎవడూ సమభాగాలు చెయ్యలేని మహాసంఖ్య. దాన్ని ముక్కలు చేస్తే పెళ్లికే అరిష్టం!"

పెళ్లిరోజున బండి రానే వచ్చింది. "నా మూడోవంతు ఎక్కించు," అన్నారాయన.

"అమ్మో, అరిష్టం కదండీ!" అంటూ ఎల్లమంద రాజుగారి వైపు తిరిగాడు. "ప్రభూ, అయ్యగారి సంఖ్యను సమంగా పంచాలంటే రెండే దార్లు. మొత్తం ఒక్కరికే ఇచ్చెయ్యాలి, లేదా మనిషికొకటి పంచాలి."

ఆకలితో కూర్చున్న ఊరిజనాన్ని చూసి రాజుగారు పకపకా నవ్వారు. "మనిషికొకటి!"

ఒక్క అరిసె పట్టుకుని పండితుడు బయటికొచ్చేసరికి ఆయన బండివాడు కూడా ఒకటి నములుతున్నాడు.

"అయ్యగారూ, ఈసారి మీకూ నాకూ సమానమేనటగా!"