కాంతిని దాటిన ముద్ద

వకుళకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎన్నిసార్లు లెక్క కట్టినా అదే జవాబు.

ఎక్కడో దూరాన ఉన్న ఒక గెలాక్సీ నడిమధ్య నుంచి మండే వాయువు పిచికారీలా చిమ్ముకొస్తోంది. ఆ ధారలో మెరిసే ముద్ద ఒకటుంది. మూడేళ్ళపాటు తీసిన రేడియో చిత్రాలు చేతికిచ్చి, అది పక్కకు ఎంత వేగంగా జరుగుతోందో కొలవమన్నారు గఫూర్ మాష్టారు. వకుళ లెక్కలో అది కాంతికి అయిదు రెట్ల వేగంతో పోతోంది. కాంతిని మించి ఏదీ పోజాలదని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు.

కొండమీది పరిశోధనాలయంలో ఆమె ఆయన దగ్గర చేరి అప్పటికి ఏడాది. లెక్క తేలేదాకా ఇంకెవరి వ్యాసమూ తెరవకూడదని మొదటి రోజే మాట తీసుకున్నారు. ఆమె కాగితాలు పట్టుకెళ్ళిన ప్రతిసారీ కడదాకా ఓపిగ్గా చదివి, "మళ్ళీ కొలువమ్మా" అని తిరిగిచ్చేసేవారు. తప్పెక్కడో చెప్పరు. తప్పు లేదనీ చెప్పరు. అలా పదకొండుసార్లయింది.

పన్నెండోసారి ఆమె ఓపిక చచ్చిపోయింది. ముద్ద మరీ ఎక్కువ జరిగినట్టు చూపిస్తున్న చివరి రెండు కొలతలూ తీసి పారేసింది. వేగం బుద్ధిగా కాంతి వేగానికి లోపలికి దిగొచ్చింది. శుభ్రంగా రాసి తీసుకెళ్ళి, ఆయన బల్లమీద కాస్త విసురుగానే పెట్టింది.

మాష్టారు చదివారు. బీరువాలోంచి నాలుగు టెన్నిస్ బంతులు తీసి, రమ్మన్నట్టు తలూపి పొడవాటి వరండాలోకి నడిచారు. వకుళకు ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళింది.

ఆమెను ఈ చివర నేలమీద కూర్చోమన్నారు. తల ఎత్తకుండా, లోపల అంకెలు లెక్కపెడుతూ, ఏ బంతి నేల పలకల ఏ వరస వెంబడి వచ్చిందో, ఎన్ని అంకెలకు వచ్చిందో రాసుకోమని చెప్పి, ఆయన ఆ చివరికి వెళ్ళారు.

ఎడమ గోడ పక్క వరస వెంబడి మొదటి బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. మూడు అంకెలు లెక్కపెట్టేసరికి రెండోది, ఒక పలక కుడికి. మరో మూడంకెలకు మూడోది. అలాగే నాలుగోదీ వచ్చింది.

"ఎంతకు ఒక పలక జరిగాను?" అన్నారు మాష్టారు.

"మూడంకెలకు."

"నేను పదేసి అంకెలకు ఒక్కో బంతి వదిలాను."

వకుళ విసుగ్గా తలెత్తింది. ఆయన ఆ చివర లేరు. ఆమెకు రెండడుగుల దూరంలో, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక్కో బంతీ వదులుతూనే వాటి వెనకే, దాదాపు వాటంత వేగంగా నడిచొచ్చేశారు.

"బంతులు వెలుగనుకో, నేను నీ ముద్దననుకో. పక్కకు జరిగిన మూడు పలకలు రాసుకున్నావు," అన్నారు. "నీ వైపు వచ్చిన దూరం నీ కాగితంలో ఎక్కడుందమ్మా?"

వకుళ ఒక బంతి చేతిలోకి తీసుకుని, ఆయన బయల్దేరిన ఆ చివరిదాకా చూసింది. తర్వాత తల దించుకుని, గొంతు తగ్గించి అంది.

"మాష్టారూ, రెండు కొలతలు తీసేశాను."

"తెలుసు," అన్నారాయన. "నీతో గట్టిగా నిజం చెప్పినవి ఆ రెండే."