అంకమ్మ చెప్పాల్సిన మాట

హెప్సిబాకి ఇక కావాల్సింది ఆ కాగితం మీద పెద్దమ్మగారి చేతి రాత ఒక్కటే.

మిషను ఆఫీసు నుంచి వచ్చిన కాగితం అది. తీరం వెంబడి ఉన్న పన్నెండు ఊళ్ళలో ఆడవాళ్ళ మధ్య జరిగే పరిచర్యంతా ఆమెకు అప్పగించాలనుకున్నారు. ఇరవై ఆరేళ్ళ పిల్లకి అంత బాధ్యత ఇవ్వడం అదే మొదటిసారి. పుట్టిన తేదీ, చదువు, బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం, అన్నీ హెప్సిబా తన గుండ్రటి అక్షరాలతో నింపేసింది. చివరి ప్రశ్న మాత్రం ఆమెకు పని నేర్పినవాళ్ళు నింపాలి. 'ఈమె జీవితంలో మీరు చూసిన ఆత్మఫలం ఏమిటి?' దాని కింద నాలుగు గీతలు.

ఆ గీతల మీద ఏం పడుతుందో హెప్సిబాకి అనుమానమేమీ లేదు. రెండేళ్ళ కిందట ఆమె కొఠారుపాలెం వచ్చినప్పుడు శుక్రవారం ప్రార్థన కూటానికి ఏడుగురు వచ్చేవాళ్ళు. ఇప్పుడు చాపలు చాలక గుమ్మం బయట కూర్చుంటున్నారు. ఆమె పాట ఎత్తుకుంటే ఉప్పుమడుల్లో పనివాళ్ళు చెయ్యి ఆపి వింటారు. మొన్న మూడు రోజుల పాటు ప్రేమ, దీర్ఘశాంతం, ఆశానిగ్రహం అంటూ ఆత్మఫలం మీదే వాక్యం చెప్పింది. ముసలివాళ్ళు సైతం కళ్ళు తుడుచుకున్నారు.

పెద్దమ్మగారంటే సత్యవేదమ్మ. ఆ ఉప్పునేలల్లో నలభై ఏళ్ళుగా బైబిలు సంచీ భుజానికి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. గొంతు చిన్నది, పాట అసలు రాదు. హెప్సిబాకి పని నేర్పమని మిషను వాళ్ళు ఆమె దగ్గరే ఉంచారు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటారు.

ఆ పొద్దున సత్యవేదమ్మ అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు తుంపుతోంది. హెప్సిబా కాగితం తెచ్చి పక్కన పెట్టింది.

"అమ్మగారూ, పోస్టు మధ్యాహ్నం పోతుంది. మీరు ఆ నాలుగు వరుసలూ రాసేస్తే వెళ్ళి వేసొస్తాను."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మొదటి నుంచీ చదివింది. గీతల దగ్గర ఆగింది. కిటికీలో ఉన్న పెన్సిలు అందుకుని రెండే మాటలు రాసి, కాగితం తిరిగి చేతికిచ్చింది.

'అంకమ్మ చెప్పాలి.'

హెప్సిబా మొహం ఎర్రబడింది.

"అంకమ్మా? ఆమె కూటానికి రావడం మానేసి ఐదు నెలలైందమ్మగారూ. నేను ఎదురుపడితే మొహం తిప్పుకుంటుంది."

"అవును."

"అలాంటి మనిషి నా గురించి ఏం మంచి చెబుతుంది?"

"నాకేం తెలుసు? అడిగి రా" అని సత్యవేదమ్మ మళ్ళీ గోంగూర ముందేసుకుంది.

అంకమ్మ ఎందుకు మానేసిందో ఊరందరికీ తెలుసు. ఐదు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆమె హెప్సిబా దగ్గరికొచ్చి, తలుపు దగ్గరికి వేసి, తన కడుపులో బాధ చెప్పుకుంది. కూతురు తిరుపతమ్మ అత్తారింట్లో ఉండలేక వచ్చేసింది. నాలుగు రోజులు ఉండి పోవడానికి వచ్చిందని అంకమ్మ ఇరుగుపొరుగుతో చెప్పింది గానీ, ఆ పిల్ల ఇక వెళ్ళేలా లేదు. "ఈ సంగతి నీ దగ్గరే ఉంచు తల్లీ" అంది.

శుక్రవారం కూటంలో హెప్సిబా మైకు పట్టుకుని ప్రార్థన చేసింది. "మొగుణ్ణి వదిలేసి వచ్చిన మా తిరుపతమ్మని జ్ఞాపకం చేసుకో తండ్రీ, తల్లి అంకమ్మ కన్నీళ్ళు తుడువు" అంటూ గొంతు జీరపోయేలా వేడుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. ఆ మైకు ఉప్పు కొఠార్ల దాకా వినిపిస్తుంది. మర్నాటి నుంచి తిరుపతమ్మ కుళాయి దగ్గరికి కూడా రావడం లేదు.

ఆ మాట ఎవరెత్తినా హెప్సిబా దగ్గర ఒక జవాబుంది. 'నేను ప్రార్థనే కదా చేశాను.' సత్యవేదమ్మతో కూడా అదే చెప్పింది.

కాగితం మడిచి పట్టుకుని హెప్సిబా ఉప్పుమడుల వైపు నడిచింది. అంకమ్మ చీర పైకి దోపుకుని, పలక కట్టిన పొడవాటి కర్రతో ఉప్పును గట్టు మీదికి లాగుతోంది. ఎండకి ఆ తెలుపు కళ్ళలో గుచ్చుకుంటోంది.

"వందనాలు అంకమ్మక్కా."

ఆమె తలెత్తలేదు.

"ఆ రోజు నేను ప్రేమతోనే ప్రార్థన చేశానక్కా. నా మనసులో నీ మీద ఏమీ లేదు."

అంకమ్మ కర్ర ఆపింది. "నీకేం ఉంటదమ్మా? పోయింది నాది" అని, వీపు తిప్పి ఉప్పు లాగసాగింది.

హెప్సిబా ఇంటికొచ్చేసరికి సత్యవేదమ్మ అన్నం వారుస్తోంది.

"చూశారా అమ్మగారూ? నేను వెళ్ళి పలకరించినా మాట్లాడలేదు. క్షమించే మనసే లేదు ఆమెకి."

"నిన్ను పంపింది ఆమె మనసు చూసి రమ్మని కాదు."

ఆ రోజు పోస్టు వెళ్ళిపోయింది. మర్నాటిదీ వెళ్ళిపోయింది. కాగితం కిటికీలో పెన్సిలు పక్కనే ఉంది. హెప్సిబా ఇల్లు ఊడుస్తున్నా, బియ్యం ఏరుతున్నా దాని వైపే చూపు పోతోంది. మొదట కోపం వచ్చింది. నలభై ఏళ్ళుగా పాట రాని మనిషికి తన పాట చూసి కంటగింపేమో అని కూడా అనుకుంది. అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడింది. మూడో రోజు ఆమెకొక ఆలోచన తట్టింది.

"అమ్మగారూ, రేపు కూటంలో అందరి ముందూ ఒప్పుకుంటాను. అంకమ్మ పట్ల పొరపాటు చేశాను, నన్ను క్షమించమని మైకులోనే అడుగుతాను."

చెబుతుంటేనే ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఏ మాటతో మొదలుపెట్టాలో, తర్వాత ఏ పాట ఎత్తుకోవాలో అన్నీ అప్పటికే అనుకుంది.

సత్యవేదమ్మ చేట కింద పెట్టింది.

"ఎవరి కోసం?"

హెప్సిబా బిందె తీసుకుని కుళాయికి బయలుదేరింది.

కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. నలుగురూ కూటానికి వచ్చేవాళ్ళే. ఆమె రావడం చూడలేదు.

"మొగుణ్ణి వదిలేసి వచ్చిన మా తిరుపతమ్మ ఇవాళన్నా బయటికొచ్చిందా?" అంది ఒకామె, గొంతు జీరపోయినట్టు సాగదీసి. మిగతా ముగ్గురూ నవ్వారు. "ఆమేన్" అంది ఇంకొకామె.

మాట తనది. ఆ సాగదీత కూడా తనదే.

హెప్సిబా బిందె అక్కడే వదిలేసింది. బైబిలు లేదు, కాగితం లేదు, నోట్లో సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ లేదు. రెండు సందులు దాటి అంకమ్మ గుమ్మం ముందు నిలబడింది. అంకమ్మ అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది. కాళ్ళకి ఉప్పు ఎండి తెల్లగా కట్టుకుపోయింది.

"మళ్ళీ ఎందుకొచ్చావు?"

"నీ మాట నా దగ్గరే ఉంచమన్నావక్కా. నేను ఊరికి పంచాను. పంచి దాన్ని ప్రార్థన అన్నాను. తప్పు నాది."

గంటలు గంటలు మాట్లాడే పిల్ల అంతటితో ఆగిపోయింది. అంకమ్మ ఆమెను పైకీ కిందికీ చూసింది.

"ఇది కూడా రేపు మైకులో చెబుతావా, అంకమ్మ దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్నానని?"

"చెప్పను."

"నా పేరుగానీ, నా బిడ్డ పేరుగానీ ఇంకెక్కడా ఎత్తబాకు. మంచిగా కూడా ఎత్తబాకు."

"ఎత్తనక్కా."

అంకమ్మ పక్కకి తప్పుకోలేదు. తలుపూ వేయలేదు. ఇద్దరూ అలా నిలబడే ఉన్నారు. అంతలో లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎంతసేపు ఎండలో నిలబెడతావే అమ్మా? లోపలికి రమ్మను."

అది తిరుపతమ్మ గొంతు.

హెప్సిబా లోపలికి వెళ్ళింది. చాలాసేపు ఉంది. తిరుపతమ్మ ఏదో చెప్పింది, అంకమ్మ ఏదో చెప్పింది. ఏం చెప్పారో హెప్సిబా ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఎవరికీ చెప్పలేదు గనక, అది ఈ కథలోనూ లేదు. వాళ్ళు పెట్టిన చేపల పులుసు అన్నం తిని, చెయ్యి కడుక్కుని బయటికొచ్చింది.

కుళాయి దగ్గర ఇంకా ఇద్దరు ఉన్నారు. "ఏం చిన్నమ్మగారూ, అంకమ్మ ఇంట్లోంచి వస్తున్నారు? ఏమంటోంది?"

"అన్నం పెట్టింది" అని, తన బిందె నింపుకుని నడిచింది.

సత్యవేదమ్మ అరుగు మీదే ఉంది. బిందె దించుకునే దాకా ఆగింది.

"వెళ్ళావా?"

"వెళ్ళానమ్మగారూ."

"నీ గురించి ఏం చెప్పింది?"

"ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు."

"మరి ఇంతసేపూ ఏం మాట్లాడుకున్నారు?"

హెప్సిబా కొంగుతో మెడ తుడుచుకుంది. "అవి వాళ్ళ మాటలమ్మగారూ."

"ఆ పిల్ల కష్టంలో ఉందేమో. నాకు చెప్పు. ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దాం."

రెండేళ్ళలో హెప్సిబా ఆవిడ మాట ఒక్కటీ కాదనలేదు. చిన్నదీ పెద్దదీ అన్నీ ఆవిడతోనే చెప్పుకుంది. ఇప్పుడు మాత్రం తల వంచుకునే చెప్పింది.

"ప్రార్థన చేద్దామమ్మగారూ. వాళ్ళ సంగతి దేవుడికి తెలుసు. నేను మాత్రం మీతో కూడా చెప్పలేను."

అనేశాక భయమేసింది. ఆవిడ నొచ్చుకుందేమో అనుకుంది. కాగితం ఇక కిటికీలోనే ఉండిపోతుందేమో అనుకుంది. ఆశ్చర్యం, ఆ రెండో సంగతి తనకి పెద్దగా పట్టడం లేదు.

సత్యవేదమ్మ లేచి, కిటికీలోంచి కాగితం తీసింది. పెన్సిలు రాతను రబ్బరుతో తుడిచేసి, సిరా కలం మూత తిప్పి, గోడకి ఆనుకుని నెమ్మదిగా ఏదో రాసింది. ఎక్కువ రాయలేదు. కాగితం కవర్లో పెట్టి, అన్నం గిన్నెలోంచి రెండు మెతుకులు తీసి అంటించి, బొటనవేలితో గట్టిగా అదిమింది.

హెప్సిబా కవరు అందుకుంది. లోపల ఏముందని అడగలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగింది.

"అమ్మాయ్" అని వెనకనుంచి పెద్దమ్మగారు పిలిచింది. "ఆ పన్నెండు ఊళ్ళలో ముందు ఏ ఊరు వెళ్తావో ఆలోచించుకుంటూ నడువు."