రెండో ట్యూబు

"ఇంకెప్పుడు చెబుతాం మేడం, ముదిరిపోయాకా?"

తారకేశ్ గొంతు పెంచడం ల్యాబులో ఎవరూ ఎన్నడూ వినలేదు. లివర్ క్యాన్సర్‌ను గడ్డ కనపడకముందే రక్తంలో పట్టుకోవాలని అతని పరిశోధన. ప్రోటీన్లన్నీ జల్లెడ పట్టి చివరికి ఒకదాన్ని దొరకబుచ్చుకున్నాడు. వార్డులోని క్యాన్సర్ రోగుల్లో అది ఎక్కువ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో తక్కువ. ఇంకేముంది, పరీక్షకు పేరు కూడా పెట్టేసుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

కుర్రాడు మంచివాడే పాపం. అతని బెంగంతా పైడిరాజు గురించి. కింద వార్డులో కామెర్లతో పడుకున్న ఆటోడ్రైవరు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. స్కానింగులో ఏమీ లేదు. తారకేశ్ పరీక్షలో మాత్రం ఆ ప్రోటీన్ బాగా ఎక్కువొచ్చింది.

"ఇవాళే వెళ్లి చెప్పేస్తాను," అన్నాడు.

ల్యాబు పెద్ద మెహరున్నీసా మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "చెబుదువుగాని. ముందు చెయ్యి చాపు."

పరీక్షల కోసం ల్యాబులోవాళ్లు రక్తమివ్వడం మామూలే. అతను విసుక్కుంటూనే చాపాడు. ఆవిడ రెండు ట్యూబులు నింపుకుని వెళ్లిపోయారు.

ఆ వారంలోనే పేరు లేని ట్యూబొకటి అతని చేతికిచ్చారు. యంత్రం ఫలితం తేల్చగానే తారకేశ్ పరుగున వచ్చాడు.

"ఇదీ క్యాన్సరే మేడం! పైడిరాజుకన్నా ఎక్కువుంది."

"ఖాయమా?"

"ఖాయం. ఆ మనిషికి వెంటనే చెప్పాలి."

"చెప్పుకో మరి. అది నీ రక్తమే."

తారకేశ్ స్టూలు మీద కూలబడ్డాడు. చెయ్యి దానంతటదే కుడి డొక్క మీదికి పోయింది. అమ్మకెలా చెప్పాలిరా భగవంతుడా అనుకున్నాడు.

ఆవిడ ఎక్కువసేపు ఆగలేదు. ఇంకో ఫలితం తెచ్చి అతని ముందు పెట్టారు. అందులో ఆ ప్రోటీన్ తక్కువే ఉంది.

"ఇదీ నీదే, ఒకే సూదితో తీశాను. దీన్ని వెంటనే ఐసులో పెట్టాను. ఆ మొదటిదాన్ని మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గర వదిలేశాను."

తారకేశ్‌కు వార్డులోని ట్రే గుర్తొచ్చింది. రోగుల రక్తం పొద్దున తీస్తారు, భోజనాలయ్యాక గానీ పైకి రాదు. ఆరోగ్యవంతులది ఇక్కడే తీసి నేరుగా ఐసులో పెడతారు. నిలవున్న రక్తంలో కణాలు పగిలి, లోపలి ప్రోటీన్లు బయటపడతాయి. ఇన్నాళ్లూ తాను కొలిచింది ఆ ఆలస్యాన్నే.

"ప్రాణం పోయినంత పనైంది మేడం," అన్నాడు మెల్లగా.

"నీకు రెండో ట్యూబుంది నాయనా. పైడిరాజుకు లేదు."

మర్నాడు పొద్దున్నే తారకేశ్ ఐసు డబ్బా తనే మోసుకుంటూ వార్డులోకి వెళ్లాడు. పైడిరాజు లేచి కూర్చున్నాడు.

"ఏటి బాబూ, నా రగతంలో ఏటున్నాది?"

"తెలీదన్నా," అన్నాడు తారకేశ్. "అందుకే మళ్లీ వచ్చాను."